మాంసం మంచు వదలాలంటే స్టీలు కన్నా అల్యూమినియం మేలు

భిలాయ్ ఉక్కు కర్మాగారానికి సున్నపురాయి పంపే గనులున్న ఊరు నందిని. ఇలాంటి ఉక్కు సీమలోనైనా, ఫ్రీజర్‌లో గడ్డకట్టిన మాంసాన్ని కరిగించడానికి స్టీలు పళ్లెం అంత అనువైనది కాదు.

మాంసంలో సుమారు 70 శాతానికి పైగా నీరే ఉంటుంది. ఒక గ్రాము మంచు కరగాలంటే దాదాపు 80 కేలరీల వేడి కావాలి. కదలని గాలి ఆ వేడిని చాలా నెమ్మదిగా అందిస్తుంది. దళసరి అల్యూమినియం పళ్లెం మాత్రం తనలో ఉన్న వేడిని, చుట్టూ ఉన్న గాలి నుంచి గ్రహించిన వేడిని మాంసానికి త్వరగా చేరవేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలుతో పోలిస్తే అల్యూమినియం ఉష్ణవాహకత పది రెట్లకు పైనే. రాగిది ఇంకా ఎక్కువ. పళ్లెం తనంతట తాను వేడిని పుట్టించదు, ఉన్న వేడినే అటు మళ్లిస్తుంది.

అయితే దీనికీ ఒక హద్దుంది. మంచుతో పోలిస్తే నీటి ఉష్ణవాహకత నాలుగో వంతే. అందువల్ల ముందుగా కరిగిన పైపొర లోపలి మంచుకు వేడి అందకుండా అడ్డుపడుతుంది. పలుచని ముక్కలకు పళ్లెం బాగా పనికొస్తుంది, పెద్ద ముద్దకు అంతగా కాదు.

సుమారు 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఛత్తీస్‌గఢ్‌లో, లోపల ఇంకా గడ్డగా ఉండగానే పైభాగం పాడవడం మొదలవచ్చు. కాబట్టి పెద్ద ముక్కలను ముందురోజే ఫ్రిజ్ కింది అరలోకి మార్చాలి. తొందరగా కావాలంటే నీరు చొరని కవర్‌లో పెట్టి చల్లని నీటిలో ముంచి, అరగంటకోసారి నీరు మార్చాలి. కరగగానే వండేయాలి.