సముద్రం ఇల్లు మారింది

ఆదోని నుంచి సముద్రం చూడాలంటే ఎటు పోయినా మూడొందల కిలోమీటర్ల పైమాటే. అట్లాంటి ఊర్లో మా చిన్నాయన ఇంట్లో మూడేండ్లుగా ఒక చిన్న సముద్రం ఉండేది. 120 లీటర్ల గాజు తొట్టి, ఉప్పునీళ్లు, రాళ్ల గుట్ట, రెండు క్లౌన్ చేపలు (అదే, మన 'నీమో'). మొన్న మే నెలలో దాన్ని ఎమ్మిగనూరుకు మార్చాల్సొచ్చింది. అక్కడ అవ్వ ఒక్కతే ఉంటోందని చిన్నాయన కాపురం మార్చినాడు. 250 లీటర్ల కొత్త తొట్టి కూడా కొన్నాడు. నాకు ఫోన్ చేసి "ఈసారి కూడా నువ్వే రావాలరా" అన్నాడు.

ఆ "ఈసారి కూడా" గుచ్చుకుంది. రెండేండ్ల కింద సంక్రాంతి సెలవుల్లో, సాయం చేద్దామని, ఆ రాళ్లనూ ఫిల్టర్ స్పాంజినీ మున్సిపల్ కుళాయి కింద తళతళలాడేలా తోమిపెట్టినా. నాలుగో రోజు ఒక చేప చచ్చిపోయింది. చిన్నాయన నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టుంటే బాగుండేది.

ఏం జరిగిందో తర్వాత చదివితే తెలిసింది. చేప వదిలే వ్యర్థం నుంచి అమ్మోనియా వస్తుంది. అది విషం. సముద్రపు నీటి పీహెచ్ 8.2 దాకా ఉంటుంది కాబట్టి అక్కడ ఇంకా ప్రమాదం. ఒక రకం బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ అంత హాని చెయ్యదు. ఈ బాక్టీరియా నీళ్లలో ఉండేది తక్కువ. రాళ్లకు, ఇసుకకు, స్పాంజికి జిగురులా పట్టుకొని ఉంటుంది. కుళాయి నీళ్లలోని క్లోరిన్‌తో నేను కడిగేసింది దాన్నే.

మన భాషలో చెప్పాలంటే, తొట్టి మార్చడం నడుస్తున్న సర్వర్‌ను కొత్త మెషీన్‌లోకి మార్చడం లాంటిది. డేటా అంతా రాళ్లలో ఉంది.

పగడాలేవి అని అడుగుతారేమో. రాతి పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. పులికున్నంత రక్షణ వాటికీ ఉంది. అందుకే చిన్నాయన పెట్టింది సిరామిక్ రాళ్లు. చేపలు కూడా హేచరీలో పుట్టినవే.

ఇక మేం చేసిన పని. ముందురోజే ఎమ్మిగనూరులో 200 లీటర్ల ఆర్వో నీళ్లలో లీటరుకు 35 గ్రాముల లెక్కన 7 కిలోల అక్వేరియం ఉప్పు కలిపి (వంటుప్పు పనికిరాదు), రాత్రంతా పంపుతో తిప్పినాం. ఎండ ముదరకముందే పని కావాలని ఆదోనిలో పొద్దున ఐదుకే మొదలుపెట్టినాం. మొదట 50 లీటర్ల పాత నీళ్లు డబ్బాల్లోకి తోడి, రాళ్లను, స్పాంజిని వాటిలోనే ముంచి పెట్టినాం. అవి ఆరిపోతే బాక్టీరియా చస్తుంది. నీళ్లు తగ్గినాక చేపల్ని పట్టడం సులువైంది. వాటిని మూత బకెట్‌లో వేసి బ్యాటరీ ఎయిర్‌పంపు పెట్టినాం.

పాత ఇసుక మాత్రం తేలేదు. అడుగున మూడేండ్ల మురికి పేరుకొని ఉంటుంది. దాన్ని కదిలిస్తే ఆ విషమంతా ఒక్కసారిగా నీళ్లలో కలుస్తుంది. పైపైన ఉన్న ఇసుక గుప్పెడు తీసుకొని కొత్త ఇసుకలో తోడు పెట్టినాం, పాలకు పెరుగు తోడేసినట్టు.

ముప్పై కిలోమీటర్ల దారి. ఆటోలో బకెట్ నా ఒళ్లోనే ఉంది. చేరినాక రాళ్లు ముందు పెట్టినాం. చేపల బకెట్‌లోకి సన్న పైపుతో కొత్త నీళ్లు చుక్కచుక్కగా గంటసేపు వదిలి, ఆ తర్వాతే వాటిని తొట్టిలోకి వదిలినాం.

వారం రోజులు పొద్దునా సాయంత్రం అమ్మోనియా పరీక్ష చేసినా. నాలుగో రోజు నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి చూస్తే టెస్ట్ ట్యూబ్‌లో పసుపు రంగే. అంటే సున్నా. చిన్నాయనకు చూపిస్తే తలూపి, భుజం మీద చెయ్యేసినాడు.

అంతలో అవ్వ వచ్చి తొట్టిలోకి తొంగి చూసింది. "ఆ రాళ్లకు పాకుడు పట్టిందే, కాస్త తోమకూడదా?"

"వద్దు!" అని ఇద్దరం ఒక్కసారే అరిచినాం.