వీధి అందరిదీ.. వాకిలి ఎవరిది?

ఇంటర్నెట్ మ్యాపుల్లో మన ముంగిళ్లు
ముఖం మసకేసినా మనిషి దొరికిపోతున్నాడు
వద్దనుకుంటే చెరిపించుకునే దారి ఉంది

బెంగళూరు: పొద్దున ఏడున్నర. ఇల్లాలు వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గు పెడుతుంటుంది. అరుగు మీద తాతగారు బనియన్‌తో కూర్చుని పేపరు తిరగేస్తుంటారు. వీధి కొళాయి దగ్గర బిందెల వరస. పిట్టగోడ మీద రాత్రి కప్పుకున్న దుప్పట్లు ఎండకు ఆరుతుంటాయి. బెంగళూరు చిక్‌పేట కానీయండి, చెన్నై జార్జిటౌన్ కానీయండి, పాత వీధుల్లో కనిపించేది ఇదే. అటుగా పోయేవాళ్లు చూస్తారు, నాలుగడుగులు వేసేసరికి మర్చిపోతారు. చూసినవాళ్లకూ పట్టింపు లేదు, చూడబడ్డవాళ్లకూ పట్టింపు లేదు.

అదే వీధిలోకి నెత్తిన కెమెరా పెట్టుకున్న కారు ఒకటి వస్తుంది. హారను కొట్టదు, ఆగదు, ఎవరినీ అడగదు. అలా వెళ్లిపోతుంది. కానీ అది చూసింది మర్చిపోదు. కొన్నాళ్లకు ఆ ముగ్గు, ఆ అరుగు, ఆ దుప్పట్లు ఇంటర్నెట్‌లోకి ఎక్కేస్తాయి. అమెరికాలో ఉన్న మేనల్లుడు చూడొచ్చు. ముక్కూమొహం తెలియనివాడూ చూడొచ్చు.

ఇదే స్ట్రీట్ వ్యూ. వీధిని వీధిలా చూపించే మ్యాపు.

కారు చేసే పని ఇదీ

కారు పైన కడ్డీకి బిగించిన కెమెరాలు చుట్టూతా 360 డిగ్రీల ఫొటోలు తీస్తాయి. ఏ ఫొటో ఎక్కడ తీసిందో జీపీఎస్ నమోదు చేస్తుంది. కొన్ని మీటర్లకొకటి చొప్పున తీసిన ఈ ఫొటోలను కంప్యూటరు ఒకదానికొకటి అతికిస్తుంది. ఇంట్లో కూర్చుని వీధంతా నడిచి చూసినట్టే ఉంటుంది. గూగుల్ దీన్ని 2007 మేలో అమెరికాలోని ఐదు నగరాలతో మొదలుపెట్టింది.

ఉపయోగం లేదని ఎవరూ అనరు. పెళ్లి సంబంధం చూడటానికి వెళ్లేవాళ్లు ఇల్లు ముందే గుర్తుపెట్టుకోవచ్చు. ఆటోవాలాకు సందు మలుపు చూపించొచ్చు. అద్దె ఇల్లు వెతుక్కునేవాళ్లు వీధి ఎలా ఉందో ఓ చూపు చూడొచ్చు. చక్రాల కుర్చీలో వెళ్లేవారికి ఆసుపత్రి ముందు మెట్లున్నాయో, వాలుదారి ఉందో తెలుస్తుంది. ఊరు వదిలిపెట్టి ఎన్నో ఏళ్లయినవాళ్లకు తాము పుట్టిపెరిగిన వీధి కనిపిస్తే కళ్లు చెమరుస్తాయి.

అప్పుడు ఆపారు.. తర్వాత ఒప్పుకున్నారు

మన దేశంలో ఈ కార్లు మొదట తిరిగింది బెంగళూరులోనే. 2011 మే 26న ఇక్కడ ఫొటోలు తీయడం మొదలైంది. నెల తిరగకముందే నగర పోలీసులు ఆపేయమన్నారు. రక్షణ సంస్థలున్న ఊరు, భద్రత మాటేమిటన్నది వారి అభ్యంతరం. కార్లు ఆగిపోయాయి. ఆ తర్వాత 2016లో కేంద్ర ప్రభుత్వం కూడా భద్రతా కారణాలతోనే అనుమతి ఇవ్వలేదు.

2021 ఫిబ్రవరిలో కేంద్రం మ్యాపుల నిబంధనలు సడలించింది. వీధుల సర్వే మాత్రం భారతీయ సంస్థలే చేయాలని షరతు పెట్టింది. దాంతో టెక్ మహీంద్రా, జెనెసిస్ ఇంటర్నేషనల్ సంస్థలు ఫొటోలు తీస్తే, వాటిని గూగుల్ తన మ్యాపులో చూపించే ఏర్పాటు జరిగింది. 2022 జులై 27న పది నగరాలతో సేవ మొదలైంది. బెంగళూరు, చెన్నై, హైదరాబాద్, ముంబయి, పుణె, నాశిక్, ఢిల్లీ, వడోదర, అమృత్‌సర్, అప్పటి అహ్మద్‌నగర్ ఆ జాబితాలో ఉన్నాయి. మొదటి విడతలోనే లక్షన్నర కిలోమీటర్ల దారి కెమెరాకెక్కింది. మన సంస్థే అయిన మ్యాప్‌మైఇండియా కూడా ఆ ఏడాదే రియల్‌వ్యూ పేరుతో ఇలాంటి సేవ తెచ్చింది.

2011లో కారు ఆపించిన బెంగళూరులోనే 2022 నాటికి ట్రాఫిక్ పోలీసులు సిగ్నళ్ల సమయాలు సరిచేసుకోవడానికి గూగుల్‌తో చేతులు కలిపారు. ఇన్నేళ్లలో చర్చంతా దేశ భద్రత చుట్టూ తిరిగింది. ఇంటి గుట్టు మాట వెనకబడింది.

ముఖం ఒక్కటే మసక

ఫొటోల్లో మనుషుల ముఖాలు, బండ్ల నంబరు ప్లేట్లు కంప్యూటరే గుర్తుపట్టి మసకేస్తుంది. ఇంకేం, గొడవ లేదు కదా అనిపిస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది.

పక్క వీధివాళ్లు మనిషిని ముఖం చూసే గుర్తుపడతారా? కట్టిన చీర, ఒంటి తీరు, నిలబడే పద్ధతి, చేతిలో సంచీ.. ఇవి చాలు. పైగా ఫలానా గుమ్మం ముందు నిలబడితే వేరే చెప్పాలా? తాకట్టు దుకాణం మెట్లెక్కుతున్న మనిషి, మద్యం మాన్పించే ఆసుపత్రి దగ్గర నిలబడ్డ కుర్రాడు, లేడీస్ హాస్టల్ గేటు తీస్తున్న ఆడపిల్ల.. ముఖం మసకే అయినా తెలిసినవాళ్లకు కథంతా అర్థమైపోతుంది. తెలియనివాళ్ల కన్నా తెలిసినవాళ్ల చూపే ఇక్కడ ఎక్కువ ఇబ్బంది.

ముఖం, నంబరు ప్లేటు కానివి ఇంకా ఉన్నాయి. 'టు-లెట్' బోర్డు మీద ఫోన్ నంబరు, గేటు మీద ఇంటిపేరు, వెనక గోడ ఎంత ఎత్తు, ఏ కిటికీకి ఊచలు లేవు.. ఇవన్నీ దారిన పోయేవాడికీ కనపడతాయి, నిజమే. కానీ దారిన పోయేవాడు పదిసార్లు తిరిగి చూస్తే వీధి జనం 'ఎవరు కావాలి బాబూ' అని అడుగుతారు. మ్యాపులో చూసేవాడిని అడిగేవాళ్లు లేరు.

మన అరుగును కన్నడిగులు జగలి అంటారు, తమిళులు తిణ్ణై అంటారు. పేరేదైనా అది సగం ఇల్లు, సగం వీధి. వఠారాల్లో, ముంబయి చాళ్లలో బతుకులో సగం గడప బయటే గడుస్తుంది. పెద్ద కాంపౌండు గోడ కట్టుకున్నవాళ్లకు కెమెరాతో పోయేది తక్కువ. ఒంటి గది కాపురాలకే ఎక్కువ.

బయటి దేశాల్లో అడిగారు

జపాన్‌లో ఇళ్ల ప్రహరీలు పొట్టిగా ఉంటాయి. కారు మీది కెమెరా గోడ మీదుగా పెరట్లోకి చూస్తోందని జనం గొడవ పెట్టారు. 2009లో కెమెరాను 40 సెంటీమీటర్లు కిందికి దించి ఫొటోలు మళ్లీ తీశారు.

జర్మనీలో 2010లో 20 నగరాలను చూపించే ముందే, మా ఇల్లు వద్దంటూ సుమారు 2 లక్షల 44 వేల కుటుంబాలు అర్జీ పెట్టుకున్నాయి. వాటిని మసకేశాకే మ్యాపు విడుదలైంది.

స్విట్జర్లాండ్ అత్యున్నత న్యాయస్థానం 2012లో ఇంకో మాట చెప్పింది. బడులు, ఆసుపత్రులు, జైళ్లు, మహిళలు తలదాచుకునే ఇళ్ల దగ్గర ముఖం మసకేస్తే చాలదు, మనిషి ఆనవాలే దొరక్కూడదంది.

ఆ కార్లు ఫొటోలతో ఆగలేదన్న సంగతి 2010లో బయటపడింది. దారిలో తాళం వేయని వైఫై నెట్‌వర్కుల నుంచి జనం సమాచారం కూడా సేకరించినట్లు గూగులే ఒప్పుకుంది. పొరపాటున జరిగిందని చెప్పింది. ఈ వ్యవహారంలో 2013లో అమెరికాలోని 38 రాష్ట్రాలతో రాజీ కుదుర్చుకుని 70 లక్షల డాలర్లు కట్టింది.

బెంగళూరు జడ్జిగారి కేసు

వీధిలోకి వచ్చాక ఇక గుట్టేమిటన్న ప్రశ్నకు మన దేశంలోనూ జవాబుంది. అదీ బెంగళూరు పెద్దాయన వేసిన కేసులోంచే వచ్చింది. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్.పుట్టస్వామి 2012లో ఆధార్ మీద సుప్రీంకోర్టుకు వెళ్లారు. అప్పటికి ఆయనకు ఎనభై ఏళ్లు దాటాయి. ఆ కేసులో 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఒకే మాటగా, గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. నలుగురు తిరిగే చోట ఉన్నంత మాత్రాన మనిషి తన గోప్యతను వదులుకున్నట్టు కాదని, అది చోటును కాదు, మనిషిని అంటిపెట్టుకుని ఉంటుందని ఆ తీర్పు సారాంశం.

ఆ తర్వాత 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నిబంధనలను 2025 నవంబరులో ప్రకటించారు. దశలవారీగా అమలు చేస్తామన్నారు. చట్టం చేతికి అందేదాకా ఆగనక్కర్లేదు. మ్యాపులోనే చేసుకునే పని ఒకటుంది.

మీ ఇల్లు ఉందా? ఇలా చూసుకోండి

హోసూరు కావచ్చు, కోలారు, బళ్లారి, బరంపురం కావచ్చు. కంప్యూటరులో గూగుల్ మ్యాప్స్ తెరిస్తే కింద మూలన పసుపురంగు మనిషి బొమ్మ ఉంటుంది. దాన్ని పట్టుకుని లాగండి. ఎక్కడ నీలిగీతలు కనిపిస్తే అక్కడ ఫొటోలున్నట్టు. మీ వీధి మీద బొమ్మను వదిలితే వీధి కనిపిస్తుంది.

ఇల్లు కానీ, మనిషి కానీ కనిపించడం ఇష్టం లేకపోతే కింద 'రిపోర్ట్ ఎ ప్రాబ్లమ్' అని ఉంటుంది. ఫోనులో అయితే పైన మూడు చుక్కలు నొక్కితే వస్తుంది. మసకేయాల్సిన చోట ఎర్రగడిని సరిగ్గా పెట్టాలి. ముఖమా, ఇల్లా, బండి నంబరా అన్నది ఎంచుకోవాలి. ఈ-మెయిల్ రాసి పంపాలి. పైసా ఖర్చు లేదు. లాయరు అక్కర్లేదు.

పంపేముందు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకసారి ఇంటిని మసకేస్తే అది శాశ్వతం. మళ్లీ తీయమంటే తీయరు. కింద కొట్టు, పైన కాపురం ఉన్నవాళ్లు ఇల్లు మసకేయిస్తే కొట్టు బోర్డు కూడా కనపడకుండా పోవచ్చు. వఠారంలో, అపార్టుమెంటులో ఉండేవాళ్లు మిగతావాళ్లతో ఓ మాట అనుకుని పంపడం మంచిది.

ఇంట్లో పెద్దవాళ్లకు ఇదంతా తెలియదు. వాళ్ల ఫొటో ఎక్కడుందో వాళ్లకు చూపించేవాళ్లు కూడా ఉండరు. కాలేజీకి వెళ్లే పిల్లలు ఓ ఆదివారం పూట పది నిమిషాలు కేటాయించి, వీధి తెరిచి, అమ్మమ్మను పక్కన కూర్చోబెట్టుకుని చూపించాలి. అరుగు మీద కూర్చున్న తనను చూసి ఆమె మురిసిపోతే సరే, ఉంచేయొచ్చు. 'ఇదేంట్రా, ఇలా ఉన్నప్పుడు తీశారు' అని కొంగు సర్దుకుంటే తీయించేయాలి. ఏది కావాలో చెప్పాల్సింది ఆ వాకిలి ఊడ్చే మనిషే.