క్రెడిట్ కార్డు పాయింట్లు: గడువు తప్పితే మిగులు గల్లంతు

కిషన్‌బాగ్ కిరాణా కొట్లలో నెల సరుకుల చెల్లింపు మూడు విధాల సాగుతున్నది. కొందరు నగదు ఇస్తున్నారు. కొందరు ఉద్దెర ఖాతాలో రాయిస్తున్నారు. మిగిలినవారు ఫోను ద్వారానో, కార్డు మీదనో చెల్లిస్తున్నారు. క్రెడిట్ కార్డు వాడేవారికి కొనుగోలుపై పాయింట్లు లభిస్తున్నందున, ఇంటి ఖర్చంతా దాని మీదనే పెడితే లాభమన్న అభిప్రాయం చిరు వర్తకుల కుటుంబాలలోనూ బలపడుతున్నది. ఈ లాభం ఏపాటిదో సరుకు బేరంలో మాదిరిగానే తరుగు తీసి, నికరం చూసి తేల్చుకోవలసి ఉన్నది.

తెలుగువారికి ఈ కార్డు కొత్త కాదు. పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు ప్రవేశపెట్టి, దేశంలో ఈ రంగంలో ముందు నడిచిన బ్యాంకులలో ఒకటిగా నిలిచింది. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. 2022లో రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి జతచేయడానికి రిజర్వు బ్యాంకు అనుమతించిన తరువాత, కార్డు యంత్రం లేని చిన్న కొట్టులో సైతం దీనితో చెల్లింపు సాధ్యమైంది. అయితే కొట్టులో అతికించిన క్యూఆర్ వర్తకుని పేర నమోదైనదై ఉండాలి. సొంత ఖాతాకు చెందిన క్యూఆర్‌పై క్రెడిట్ కార్డు చెల్లదు.

పాయింటు విలువ

పాయింట్ల సొమ్ము ఎక్కడినుంచి వస్తున్నదో వర్తకులకు చెప్పనవసరం లేదు. కార్డుపై అమ్మిన సరుకుకు వర్తకుడు కొంత కమీషన్ వదులుకుంటున్నాడు. అందులో కార్డు జారీచేసిన బ్యాంకుకు వాటా కలదు. ఆ వాటాలోంచి కొంత పాయింట్ల రూపంలో కొనుగోలుదారుకు తిరిగి చేరుతున్నది.

పాయింట్ల సంఖ్యను చూసి మురిసిపోరాదు. 100 రూపాయలకు 4 పాయింట్లు ఇచ్చి, ఒక్కొక్క పాయింటుకు 25 పైసలు కట్టినట్లయితే తిరిగి వచ్చేది నూటికి ఒక రూపాయి మాత్రమే. అద్దె, పెట్రోలు, వాలెట్‌లో వేసే సొమ్ము వంటివాటికి అనేక కార్డులు పాయింట్లు ఇవ్వవు. పాయింట్లను మార్చుకునేటపుడు రుసుము తీసుకునే బ్యాంకులున్నవి. రెండు మూడేళ్లలో వాడుకోకపోతే పాయింట్లు చెల్లకుండా పోయే కార్డులూ ఉన్నవి. కాబట్టి కార్డు తీసుకునే ముందు ఇంటి ఖర్చులో ఏ పద్దుపై పాయింట్లు వస్తాయో చూసుకోవడం అవసరం.

ఇంటి లెక్క

నెలకు 20,000 రూపాయల ఖర్చు గల కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుందాం. పాలు, కూరగాయలు, అద్దె వంటివి పోగా బియ్యం, పప్పు, నూనె, మందులు మొదలైనవాటికి 12,000 కార్డుపై చెల్లించారనుకుందాం. నూటికి రూపాయి చొప్పున నెలకు 120, ఏడాదికి 1,440 రూపాయలు లభిస్తాయి. కార్డుకు వార్షిక రుసుము 499 ఉంటే, దానిపై 18 శాతం జీఎస్టీతో కలిపి 589 అవుతుంది. ఇది పోగా నికరంగా మిగిలేది 851 రూపాయలు.

ఇక గడువు తప్పితే ఏమవుతుందో చూద్దాం. 12,000 బిల్లులో కనీస మొత్తంగా 5 శాతం, అనగా 600 మాత్రమే కట్టి మిగతా 11,400 నిలిపారనుకుందాం. నెలకు మూడున్నర శాతం చొప్పున వడ్డీ 399, దానిపై జీఎస్టీ 72, వెరసి 471 రూపాయలు. ఏడాదిలో ఇటువంటి నెలలు రెండు వస్తే 942 పోతుంది. పన్నెండు నెలల మిగులు తుడిచిపెట్టుకుపోయి, చేతినుంచి మరికొంత పడుతుంది. పైగా పాత బాకీ నిలిచి ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకు కూడా వడ్డీలేని గడువు వర్తించదు. అందుచేత నిజానికి పడే భారం ఈ లెక్కకు మించే ఉంటుంది.

నూటికి మూడున్నర రూపాయల వడ్డీకి బజారులో చేబదులు తెచ్చి సరుకు నింపే వర్తకుడు అరుదు. అదే వర్తకుడు ఇంటి కార్డుపై కనీస మొత్తం కట్టి ఊరుకుంటే, కట్టేది అదే వడ్డీ. ఏడాదికి ఇది 42 శాతం. క్రెడిట్ కార్డు వడ్డీ 30 శాతం మించరాదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టివేసింది. కనుక ఆ పరిమితి అండగా ఉంటుందని అనుకోవడానికి వీలులేదు. కార్డుపై నగదు తీస్తే పరిస్థితి మరీ విషమం. తీసిన రోజునుంచే వడ్డీ మొదలవుతుంది, రుసుము అదనం.

నగదు ధరతో పోలిక

పురానాపూల్ మీదుగా మూసీ దాటితే బేగంబజార్, ఉస్మాన్‌గంజ్ టోకు కొట్లు. అక్కడ నగదు ధర వేరు, అరువు ధర వేరు అన్నది పాత మాటే. 25 కిలోల బియ్యం బస్తా 1,400 రూపాయలైతే కార్డు పాయింట్లు తెచ్చేది 14 రూపాయలు. నగదుకు బస్తాపై 30 తగ్గించే కొట్టు ఉంటే నగదే మేలు. కార్డు ఇస్తే నూటికి రెండు అదనంగా అడిగేచోట 28 ఇచ్చి 14 పుచ్చుకున్నట్లవుతుంది. ఒకే ధర అయినచోట మాత్రం కార్డు లాభసాటి.

పండుగల ముందు వచ్చే తగ్గింపులకూ ఇదే సూత్రం. 3,200 రూపాయల సరుకు చాలినచోట, 5,000 కొంటే 500 తగ్గుతుందని ఆశపడితే జేబునుంచి పోయేది 4,500. మిగిలింది 500 కాదు, పెరిగిన ఖర్చు 1,300.

గడువే అసలు లాభం

పాయింట్లకంటే విలువైనది వడ్డీలేని గడువు. బిల్లు తేదీ మరునాడు కొన్న సరుకుకు పలు కార్డులపై సుమారు 50 రోజుల వరకు గడువు దొరుకుతుంది. బిల్లుకు ముందు రోజు కొంటే 20 రోజులే. నెల సరుకులు బిల్లు తేదీ దాటాక తెచ్చుకుని, ఆ సొమ్ము విడిగా ఉంచి, గడువుకు మొత్తం బిల్లు ఖాతానుంచి దానంతటదే చెల్లేటట్లు బ్యాంకుకు ఉత్తరువు ఇచ్చుకున్న కుటుంబానికి గడువు, పాయింట్లు రెండూ దక్కుతాయి.

కొట్టు రాబడి ఒక నెల జోరుగా, మరొక నెల మందకొడిగా ఉండే ఇళ్లలో ఇది గుర్తుంచుకోవలసిన విషయం. బిల్లు మొత్తం కట్టగలనన్న నమ్మకం లేని నెలలో కార్డు పెట్టెలో ఉండటమే క్షేమం. 851 రూపాయల ఏడాది మిగులు నిలిచేదీ, పోయేదీ ఆ పన్నెండు గడువుల మీదనే.