జోరు తగ్గిందా.. జంట ఇంజినే జాడ చెబుతుంది
రెండు ఇంజిన్ల పడవల్లో లోపాన్ని గుర్తించే పద్ధతులు

తడ: నీటి మధ్యలో ఇంజిను ఆగిపోతే లోపం వెంటనే తెలుస్తుంది. శక్తి తగ్గిన ఇంజిను మాత్రం నడుస్తూనే ఉండి, తీరా ఎదురుగాలిలో చేతులెత్తేస్తుంది. భీములవారిపాలెం రేవు నుంచి ఇరకం దీవి వైపు పులికాట్‌ సరస్సులో రాకపోకలు సాగించేవారికి పడవపై నమ్మకం ఎంత అవసరమో తెలిసిందే. గస్తీకి, విహారానికి వాడే రెండు ఇంజిన్ల పడవల్లో కార్బురేటర్‌కు బదులు కంప్యూటర్‌ నియంత్రణలో పెట్రోలును చిమ్మే ఈఎఫ్‌ఐ విధానం ఉంటోంది. వీటిలో శక్తి తగ్గగానే ఖరీదైన ఇంజెక్టర్లను మార్చడం తొందరపాటే అవుతుంది. వరుస క్రమంలో పరిశీలిస్తే చాలాసార్లు కారణం చిన్నదిగా తేలుతుంది.

ఒకటా.. రెండూనా?

రెండు ఇంజిన్ల లోపలి భాగాలు ఒకేసారి చెడిపోవడం అరుదు. రెండూ కలిసి మందగిస్తే ఉమ్మడిగా ఉన్నవాటిని ముందు చూడాలి. ఒకే ట్యాంకు, ఒకేచోట పోయించిన పెట్రోలు, మోతాదు మించిన బరువు, పడవ అడుగున పట్టిన పాచి, చిప్పలు ఇందులోకి వస్తాయి. ఒక్కటే మందగిస్తే రెండోదే కొలబద్ద. రెండింటినీ ఒకే వేగంలో ఉంచి చక్రభ్రమణాలు, ఉష్ణోగ్రత, ఇంధన పీడనం, బ్యాటరీ వోల్టేజీలను పోల్చాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒక ఇంజిను బలహీనపడితే భారమంతా రెండోదానిపై పడి, అది కూడా పూర్తి వేగాన్ని అందుకోలేదు. దాంతో రెండూ చెడ్డాయని సరంగు పొరబడే అవకాశం ఉంది. అందుకే ఒక్కోదాన్ని విడిగా నడిపి చూడాలి.

మీటరు చెప్పే సంగతి

చక్రభ్రమణాలు పెరుగుతున్నా పడవ ముందుకు సాగకపోతే ఇంజినును అనుమానించనక్కర లేదు. పంఖాకు నాచు, వల ముక్కలు చుట్టుకున్నాయా, రెక్క వంగిందా, లోపలి రబ్బరు పట్టు జారుతోందా అన్నది చూడాలి. చక్రభ్రమణాలే పెరగకపోతే ఇంజినులోనో, భారంలోనో లోపం ఉన్నట్లు.

హెచ్చరిక మోతతో పాటు వేగం ఒక హద్దు వద్ద ఆగిపోతే, ఇంజినును కాపాడేందుకు కంప్యూటరే శక్తిని తగ్గించి ఉండవచ్చు. లోతు తక్కువైన పులికాట్‌లో బురద, నాచు చల్లబరిచే నీటి దారిని మూసేస్తాయి. బయటకు చిమ్మే నీటి ధార సన్నగిల్లిందేమో గమనించాలి. బ్యాటరీ తీగలు ఊడదీయడానికి ముందే కంప్యూటర్‌లో నమోదైన లోపాల సంకేతాలను చదవాలి.

ట్యాంకు నుంచి మొదలు

ఔట్‌బోర్డు ఇంజిన్లలో వేగం పెంచినప్పుడు ఇంధన గొట్టంలోని రబ్బరు బుడ్డ చప్పిడిపడితే అడ్డంకి ట్యాంకు వైపు ఉన్నట్లు. ట్యాంకు మూత కొద్దిగా వదులు చేయగానే ఇంజిను కోలుకుంటే గాలి రంధ్రం మూసుకుపోయిందన్నమాట. మంచి పెట్రోలు నింపిన వేరే చిన్న ట్యాంకుతో నడిపి చూడటం మరో పరీక్ష. అప్పుడు శక్తి తిరిగివస్తే ఇంజిను జోలికి వెళ్లనక్కర లేదు.

రాకపోతే వేగంలో ఉండగా ఇంధన పీడనాన్ని కొలవాలి. పీడనం పడిపోతే ఫిల్టరు, అధిక పీడన పంపులను చూడాలి. పీడనం సరిగానే ఉంటే స్పార్కు ప్లగ్గు, కాయిల్‌, ఇంజెక్టరు వంతు వస్తుంది. రెండు ఇంజిన్లూ ఒకే నమూనావి అయితే అనుమానం ఉన్న భాగాన్ని రెండోదానికి మార్చి చూడవచ్చు. లోపం భాగంతో పాటే వెళ్తే దోషి దొరికినట్లే. ఒకసారికి ఒక్క భాగాన్నే మార్చాలి. రెండు మూడు కలిపి మారిస్తే అసలు కారణం తెలియదు.

పెట్రోలులో నీరు

2025 నాటికి దేశంలో 20 శాతం ఇథనాల్‌ కలిపిన పెట్రోలు విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. ఇథనాల్‌ తేమను పీలుస్తుంది. నీరు హద్దు మీరితే రెండూ కలిసి పెట్రోలు నుంచి విడివడి అడుగుకు చేరతాయి. ఇంజిను ఇంధనాన్ని లాగేది ఆ అడుగు నుంచే. ఏటా ఏప్రిల్‌ 15 నుంచి జూన్‌ 14 వరకు 61 రోజుల వేట నిషేధం ఉంటుంది. అప్పుడు ఒడ్డున ఉండిపోయిన పడవల ట్యాంకుల్లో ఈ ముప్పు ఎక్కువ. ఫిల్టరులోని పెట్రోలును గాజు సీసాలోకి వంచి కాసేపు కదపకుండా ఉంచితే, అడుగున వేరుగా పొర కనిపిస్తుంది. అలా కనిపిస్తే ఫిల్టరు మార్చినంత మాత్రాన సరిపోదు, ట్యాంకు ఖాళీచేసి శుభ్రపరచాలి.

ఉప్పుగాలికి తీగల అతుకులకు పట్టే చిలుము కూడా శక్తిని హరిస్తుంది. పంపు, కంప్యూటరు బ్యాటరీ మీదే ఆధారపడతాయి కనుక ఇంజిను నడుస్తుండగా వోల్టేజీని కొలవాలి.

జాగ్రత్తలు

ఇంధన గొట్టం విప్పేముందు పీడనం తగ్గించాలి. దరిదాపుల్లో బీడీ, సిగరెట్‌ వెలిగించరాదు. ఒడ్డున పరీక్షించేటప్పుడు చల్లబరిచే నీటిని అందించాలి, పంఖా దగ్గర ఎవరూ ఉండరాదు.

నీటిలో ఉండగా ఒక ఇంజిను మందగిస్తే, ఆ లోటు పూడ్చేందుకు రెండోదాన్ని పూర్తి వేగంతో తోలరాదు. అది కూడా వేడెక్కితే ఒడ్డు చేర్చే దిక్కు ఉండదు. వేగం తగ్గించి, అందరికీ లైఫ్‌ జాకెట్లు తొడిగించి, దగ్గరి ఒడ్డుకు మళ్లాలి. సముద్రంలో ఆపద ఎదురైతే తీర రక్షక దళానికి 1554 నంబరులో సమాచారం అందించాలి.