మాడిసన్ పట్టణంలో వెన్న పరీక్ష పుట్టిన చోటు

పాల సంఘంలో రోజూ ఏదో ఒక మాట పడే బల్ల ఉన్నదంటే అది పరీక్ష బల్లే. కొలత దగ్గర పేచీ తక్కువ, ఎందుకంటే పాత్ర అందరి కళ్ల ముందే నిండుతుంది. వెన్న శాతం అలా కాదు. అది పాలల్లో దాగి ఉంటుంది. కార్యదర్శి చెప్పిన అంకెను సభ్యుడు నమ్మాలి, లేదా అనుమానించాలి.

కొంతకాలం క్రితం ఒక సంఘంలో పాలు పోసే వేళకు మేము అక్కడ ఉండటం తటస్థించింది. ఒక పెద్దావిడ కార్డు చేతబట్టుకుని, "అబ్బాయ్, నిన్న 7 వచ్చిన గేదెకు ఇవాళ 6 ఎట్టా వచ్చింది? అదే గడ్డి, అదే తౌడు గదా!" అని అడిగింది. "మిషనుకు అబద్ధం ఏం తెలుసు పిన్నీ?" అన్నాడు కార్యదర్శి. మిషను అబద్ధం చెప్పలేదు, నిజమే. కానీ ఆవిడ బిందె అరగంట కదలకుండా ఉంది. మీగడ పైకి తేరుకుంది. కుర్రవాడు పాలు కలపకుండానే అడుగు నుంచి నమూనా తీశాడు. మళ్లీ కలిపి తీయిస్తే దాదాపు నిన్నటి అంకే వచ్చింది. ఆవిడ ఇంకేమీ అనకుండా వెళ్లిపోయింది గాని, ఆ ముందు రోజుల లెక్క మాట ఏమిటన్న ప్రశ్న ఆ గదిలోనే మిగిలిపోయింది.

ఈ తగవు మనతో మొదలైంది కాదు. పాలు ఒకచోట పోసి డబ్బు పంచుకునే ఏర్పాటు ఎక్కడ ఉంటే అక్కడ ఇది ఉంది. దీనికి పల్లెల్లో ఎవరైనా చేసుకోదగిన పరీక్షను అమెరికాలో 1890లో కనుగొన్నారు. ఆ పని జరిగిన ఊరు విస్కాన్సిన్ రాష్ట్రపు రాజధాని మాడిసన్. పాడి వృత్తిలో ఉన్నవారు ఆ దేశంలో తెలుసుకోదగిన స్థలాలలో దాన్ని ముందు చెప్పాలని మా అభిప్రాయం.

విస్కాన్సిన్ మొదటినుంచీ పాడి రాష్ట్రం కాదు. 1860 ప్రాంతంలో అక్కడి రైతు నమ్ముకున్నది గోధుమ. ఏటా అదే పైరు వేసి నేల సారం పోగొట్టుకున్నారు, దానికి తోడు రసం పీల్చే పురుగు చేలమీద పడింది. గోధుమ కలిసిరాక రైతులు ఆవుల వైపు తిరిగారు. 1872లో పాడి రైతుల సంఘం ఒకటి ఏర్పడింది. ఊరూరా చీజ్ తయారుచేసే కార్ఖానాలు, వెన్న కార్ఖానాలు వెలిశాయి. చీజ్ అంటే మన జున్ను కాదు, పాలను విరిచి, నీరు పిండి, మాగవేసే పదార్థం.

ఆ కార్ఖానాలు పాలను బరువు చొప్పున కొనేవి. దాని ఫలితం ఏమిటో మన సభ్యులకు విడమరచి చెప్పనక్కర్లేదు. చిక్కటి పాలు పోసినవాడికీ, మీగడ తీసి పోసినవాడికీ, బావి నీళ్లు కలిపి పోసినవాడికీ ఒకటే ధర. 10 కిలోల పాలలో 5 శాతం వెన్న ఉంటే అరకిలో వెన్న ఉన్నట్లు. 3 శాతమే ఉంటే 300 గ్రాములు. ఇద్దరికీ ఒకటే డబ్బు ఇస్తే మొదటివాడి 200 గ్రాముల వెన్నలో కొంత రెండవవాడి జేబులోకి పోయినట్లే. మంచి ఆవును పెంచేవాడు నష్టపోయేవాడు. ఇలా అయితే మంచి జాతి ఆవుల కోసం డబ్బు పెట్టేది ఎవరు?

పాలను సన్నటి గాజు గొట్టంలో నిలవ ఉంచి మీగడ ఎంత మందం తేరుతుందో చూసే పద్ధతి ఉండేది. అది నమ్మదగినది కాదు. వెన్న బిందువులు పెద్దవైతే మీగడ త్వరగా తేరుతుంది, చిన్నవైతే చాలాసేపు పాలల్లోనే ఉండిపోతుంది. ప్రయోగశాలలో ఈథరుతో వెన్నను వేరుచేసి తూచే పద్ధతి నిక్కచ్చిగా ఉండేది గాని, దానికి రసాయన శాస్త్రజ్ఞుడు కావాలి, సున్నితపు త్రాసు కావాలి, చాలా సమయం కావాలి. రోజూ పొద్దున వందమంది పాలు పోసే చోట అది కుదిరే పని కాదు.

మాడిసన్‌లోని విశ్వవిద్యాలయంలో వ్యవసాయ విభాగానికి అధిపతి విలియం హెన్రీ. 1888లో ఆయన దగ్గరకు స్టీఫెన్ బాబ్‌కాక్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఉద్యోగానికి వచ్చాడు. ఈయన న్యూయార్క్ రాష్ట్రంవాడు, 1843లో పుట్టాడు, జర్మనీలో చదువుకున్నాడు. పల్లె కార్ఖానాలో మామూలు మనిషి చేయగల పరీక్ష ఒకటి కనిపెట్టమని హెన్రీ ఆయనను కోరాడు. బాబ్‌కాక్ ఒక పద్ధతి తయారుచేశాడు. విశ్వవిద్యాలయపు మందలో అన్ని ఆవుల పాలకూ అది సరిగ్గా పనిచేసింది, ఒక్క ఆవు పాలకు మాత్రం లెక్క తప్పింది. ఒక్క ఆవే గదా, ప్రకటించేద్దామని హెన్రీ తొందరపడ్డాడనీ, ఆ ఒక్కటీ కుదిరేదాకా వీల్లేదని బాబ్‌కాక్ పట్టుబట్టాడనీ చెబుతారు. ఈ కథలో మాకు నచ్చింది ఆ పట్టుదల ఒక్కటే కాదు. ఆ ఒక్క ఆవు ఏదో ఒక రైతుదై ఉంటే, అతనికి ఆ పరీక్ష రోజూ అన్యాయం చేసి ఉండేది.

చివరకు కుదిరిన పద్ధతిని 1890 జులైలో ప్రకటించారు. అది చూడటానికి సులువైనది. పొడుగు మెడ ఉన్న గాజు సీసాలో 17.6 మిల్లీలీటర్ల పాలు పోస్తారు, అంటే సుమారు 18 గ్రాములు. దాదాపు అంతే గాఢ గంధకికామ్లం, అంటే మనం యాసిడ్ అనేది, కలుపుతారు. పాలల్లో వెన్న చిన్నచిన్న బిందువులుగా ఉంటుంది, ఒక్కొక్క బిందువు చుట్టూ పలుచటి పొర ఉంటుంది. ఆమ్లం ఆ పొరనూ, పాలలోని మాంసకృత్తులనూ కరిగించేస్తుంది, వెన్నను మాత్రం ముట్టదు. ఆమ్లం కలిసినప్పుడు పుట్టే వేడికి వెన్న నూనెలా కరుగుతుంది. సీసాలను సెంట్రిఫ్యూజులో పెట్టి తిప్పితే బరువైన ద్రవం అడుగుకు పోతుంది, తేలికైన వెన్న పైకి వస్తుంది. వేడినీళ్లు పోసి మళ్లీ తిప్పితే అది మెడలోకి ఎక్కి నిలుస్తుంది. మెడమీద గీతలున్నాయి. ఎన్ని గీతలు నిండితే అంత శాతం. చేతితో తిప్పే చక్రం, సీసాలు, యాసిడ్, వేడినీళ్లు. ఇంతే సామగ్రి.

మన సంఘాలలో ఏళ్ల తరబడి వాడిన గెర్బర్ పద్ధతి దీనికి దగ్గరి చుట్టం. అది స్విట్జర్లాండులో నిక్లాస్ గెర్బర్ ఇంచుమించు ఆ రోజుల్లోనే రూపొందించినది. అందులో 10 మిల్లీలీటర్ల యాసిడ్, 10.75 పాలు, 1 మిల్లీలీటరు ఎమైల్ ఆల్కహాలు. సూత్రం ఒకటే. ఇప్పుడు చాలా సంఘాలలో ఎలక్ట్రానిక్ యంత్రాలు వచ్చాయి, అంకె క్షణాల్లో కనబడుతుంది. యంత్రం మీద అనుమానం వస్తే సరిచూసుకోవడానికి యాసిడ్ పరీక్షనే ఆశ్రయిస్తారు. ఒక్క సంగతి గుర్తుంచుకోదగినది. సీసా చల్లారిన తరువాత చదివితే వెన్న కుంచించుకుని మట్టం తగ్గుతుంది. ఆ తగ్గుదల సభ్యుడి పద్దులోనే పడుతుంది. గెర్బర్ గొట్టాలను 65 డిగ్రీల నీళ్లలో ఉంచి చదవమనేది అందుకే.

బాబ్‌కాక్ తన పరీక్షకు పేటెంటు తీసుకోలేదు. ఎవరైనా ఆ సీసాలు చేయవచ్చు, ఎవరైనా వాడవచ్చు. కొద్ది ఏళ్లలోనే అది అమెరికా అంతటా, ఇతర దేశాలకూ పాకింది. వెన్న లెక్కన డబ్బు చెల్లించడం మొదలైంది. పాడివాళ్లను నిజాయితీపరులను చేయడంలో ఈ సీసా మతగ్రంథాన్ని మించిపోయిందని అక్కడ ఒక చమత్కారం పుట్టింది. నీళ్లు కలిపేవాడి ఆట కట్టడం ఒక ఎత్తు. ఏ ఆవు మేపిన గడ్డికి తగ్గ ఫలితం ఇస్తున్నదో రైతుకే తెలిసిరావడం మరొక ఎత్తు. పాడి సామర్థ్యం చూసి ఆవులను ఎంచుకోవడం అక్కడ ఊపందుకున్నది ఆ తరువాతే.

అదే విశ్వవిద్యాలయంలో దీనికి భిన్నమైన దారి కూడా ఉంది. 1920లలో హ్యారీ స్టీన్‌బాక్ అనే శాస్త్రజ్ఞుడు అతినీలలోహిత కిరణాలతో ఆహారంలో విటమిన్ డి పెంచే పద్ధతి కనుగొని, దానికి పేటెంటు తీసుకున్నాడు. ఆ రాబడి విశ్వవిద్యాలయ పరిశోధనలకు చేరేటట్లు 1925లో ఒక సంస్థను ఏర్పాటుచేశారు. అది నేటికీ పనిచేస్తోంది. వెన్నకు పోటీ అని కృత్రిమ వెన్న తయారుచేసేవారికి ఆ పేటెంటును ఇవ్వలేదు. పాడి రాష్ట్రం గదా! పసుపు రంగు వేసిన కృత్రిమ వెన్నను ఆ రాష్ట్రంలో 1967 దాకా నిషేధించారు కూడా. ఇద్దరిలో ఎవరు చేసింది సరైనదంటే మేము తేల్చి చెప్పలేము. పరీక్ష సీసా మాత్రం పేద కార్ఖానాకు సైతం అందవలసిన వస్తువు, దాని విషయంలో బాబ్‌కాక్ చేసిందే మేలని మాకు తోస్తుంది.

బాబ్‌కాక్ రేకెత్తించిన మరొక ఆలోచనతో 1907లో అక్కడ 16 పెయ్యలను నాలుగు జట్లు చేసి మేపి చూశారు. ఒక జట్టుకు అంతా మొక్కజొన్నే, ఒకదానికి గోధుమ, ఒకదానికి ఓట్లు, నాలుగోదానికి మూడూ కలిపి. కాగితం మీద పోషకాలు అన్నిటికీ సమానం. అయినా మొక్కజొన్న తిన్నవి ఏపుగా పెరిగి మంచి దూడలను ఈనాయి, గోధుమ తిన్నవాటి దూడలు బతకలేదు. దాణా లెక్కకు అందనిదేదో మేతలో ఉన్నదని దీనితో తేలింది. ఆ జాడ పట్టుకుని వెళ్లిన మెక్‌కాలమ్ 1913లో వెన్నలో ఉన్న ఒక పోషకాన్ని గుర్తించాడు. దాన్నే తరువాత విటమిన్ ఏ అన్నారు.

ఇప్పుడు మాడిసన్ వెళ్లినవారికి ఆ ఆవరణలో 1890ల నాటి పాడి పాఠశాల భవనం, హైరమ్ స్మిత్ హాలు, కనబడుతుంది. 1951లో కట్టిన బాబ్‌కాక్ హాలులో పాల విభాగం, అందులోనే చిన్న పాల కర్మాగారం, దాని దుకాణం ఉన్నాయి. అక్కడ తయారైన ఐస్‌క్రీమును అక్కడే అమ్ముతారు. ఊరివాళ్లకు బాబ్‌కాక్ అంటే ముందు గుర్తొచ్చేది పరీక్ష కాదు, ఐస్‌క్రీమే. దగ్గరలోనే విలియం హోర్డ్ విగ్రహం ఉంది. రష్‌మోర్ కొండమీద అధ్యక్షుల ముఖాలు చెక్కించిన గట్జన్ బోర్గ్లమ్ చేసిన విగ్రహమది, 1922లో నెలకొల్పారు.

హోర్డ్ సొంత ఊరు ఫోర్ట్ అట్కిన్సన్. మాడిసన్‌కు ఆగ్నేయంగా సుమారు 55 కిలోమీటర్లు. గోధుమ వదిలి ఆవును నమ్ముకోండని ఊరూరా తిరిగి చెప్పినవాడు ఆయన. పాడి రైతుల కోసం 1885లో ఒక పత్రిక పెట్టాడు, అది నేటికీ వస్తోంది. బాబ్‌కాక్ పరీక్ష వెలువడినప్పుడు ఆ రాష్ట్రపు గవర్నరు కూడా ఆయనే. ఆ ఊళ్లో పాడి పరిశ్రమ చరిత్ర చూపే ప్రదర్శనశాల ఉంది. హోర్డ్ తన కొట్టంలో పనివాళ్ల కోసం ఒక ప్రకటన రాయించి పెట్టాడు. ఇది తల్లులు ఉండే ఇల్లు, ప్రతి ఆవునూ తల్లిని చూసినట్లే చూడాలి, కసిరితే పాలు తగ్గుతాయి అని దాని సారాంశం. గేదెను కసిరితే చేపదని మన ఆడవాళ్లకు ఏ బోర్డూ చెప్పలేదు గాని, జీతగాళ్లను పెట్టుకున్న పాకలకు అటువంటిదొకటి రాయించి పెట్టవచ్చు.