మంచు మీద గుత్త

(బి.యస్సీ. తృతీయ సంవత్సరం)

ఫ్రిజ్‌లో తప్ప మంచును ఎరుగని నూజివీడు ప్రాంతపు రైతు కుటుంబం కుర్రవాడు అమెరికా మంచుకొండల వ్యాపారం గురించి వ్రాయడమేమిటని మిత్రులు నవ్వవచ్చు. కాని ఆ వ్యాపారానికీ మా మామిడి తోటకూ ఒక పోలిక ఉన్నది. రెండూ ఆకాశాన్ని నమ్ముకున్నవే. ఆకాశం మొండిచెయ్యి చూపితే ఆ నష్టం ఎవరి నెత్తిన పడాలి? ఈ ఒక్క ప్రశ్నను పట్టుకుని చూస్తే, గత పాతికేళ్ళలో అక్కడ జరిగిందంతా సులువుగా అర్థమవుతుంది.

కాళ్ళకు పొడవాటి పలకలు తగిలించుకుని మంచు కప్పిన కొండవాలు మీద జారడమే స్కీయింగ్. జారడం సరే, పైకి ఎక్కేదెట్లా? ఇనుపతాడుకు వ్రేలాడే కుర్చీల మీద ఎక్కుతారు. వీటిని లిఫ్టులంటారు. వ్యాపారానికి ఆయువుపట్టు ఆ లిఫ్టు టిక్కెట్టే. అమెరికా పశ్చిమ రాష్ట్రాలలో చాలాచోట్ల కొండ కంపెనీది కూడా కాదు, ప్రభుత్వ అటవీశాఖది. కంపెనీ అనుమతి తీసుకుని నడుపుకుంటుందంతే.

వెనుకటి రోజులు

కొలరాడో రాష్ట్రంలోని వెయిల్ కొండను 1962లో తెరిచారు. దానికి మూలపురుషులు ఇద్దరు. పీట్ సీబర్ట్ రెండవ ప్రపంచయుద్ధంలో పర్వత దళంలో పోరాడి గాయపడిన సైనికుడు. ఎర్ల్ ఈటన్ ఆ ప్రాంతంలో పుట్టి పెరిగినవాడు. ఆ రోజుల్లో చాలా కొండలు ఇటువంటి మనుషుల చేతుల్లోనే ఉండేవి. మంచు కురిస్తే జనం వచ్చి, ఆనాటి టిక్కెట్టు ఆనాడే కొని, జారి, సాయంత్రానికి ఇళ్ళకు పోయేవారు. కురవకపోతే గల్లాపెట్టె ఖాళీ. వరుసగా రెండు చలికాలాలు ఎండగట్టితే యజమాని పని బ్యాంకు గుమ్మంలోనే. 1980ల తొలి సంవత్సరాలలో అమెరికాలో 700కు పైగా స్కీ కొండలుండగా, నేడు 500 లోపే మిగిలాయి. మూతపడిన వాటిలో అధికభాగం చిన్నవే.

కురవని మంచును తయారుచేసుకోకూడదా అంటారేమో. చేస్తారు. నీటినీ, ఒత్తిడిపెట్టిన గాలినీ కలిపి సన్నని తుంపరగా చిమ్మితే, నేలమీద పడేలోగా గడ్డకడుతుంది. ఇక్కడ మన లాబొరేటరీలోని తడి బల్బు థర్మామీటరు గుర్తుకు తెచ్చుకోవాలి. వేసవిలో మట్టికుండలో నీరు చల్లబడినట్లే, పొడిగాలిలో తుంపర కొంత ఆవిరైపోతూ మిగతాదాన్ని చల్లబరుస్తుంది. అంచేత మామూలు థర్మామీటరు సున్నా చూపిస్తున్నా, తడి బల్బు సున్నాకు రెండు డిగ్రీలు క్రిందికి దిగితే పని మొదలుపెట్టవచ్చు. మరి ఖర్చో? ఒక ఎకరం మీద అడుగు మందాన పరచాలంటే, ఆ మంచు సాంద్రత నీటిలో సగమనుకున్నా, 6 లక్షల లీటర్లకు పైగా నీరు కావాలి. లెక్క వేసుకుని చూడండి. చెరువు, పంపులు, పైపులు, కరెంటు - ఇవన్నీ సమకూర్చుకోగలిగినవాడు నిలిచాడు. లేనివాడు అమ్ముకున్నాడు.

పూత మీద బేరం

కొనేవాళ్ళు సిద్ధంగానే ఉన్నారు. వెయిల్ కంపెనీ 1997లో షేరు మార్కెట్టుకెక్కింది. అదే సంవత్సరం రాల్‌కార్ప్ అనే ఆహార పదార్థాల కంపెనీ నుంచి బ్రెకెన్‌రిడ్జ్, కీస్టోన్ కొండలను కొన్నది. ఒకేచోట ఇన్ని కొండలు ఒకరి చేతిలో ఉంటే పోటీ చస్తుందని ప్రభుత్వ న్యాయశాఖ అడ్డుపడి, అరపహో బేసిన్ అనే కొండను మాత్రం వేరేవారికి అమ్మించింది. తూర్పు రాష్ట్రాలలో ఇలాగే కొండ వెంట కొండ కొనుక్కుంటూ పోయిన అమెరికన్ స్కీయింగ్ కంపెనీ అప్పుల్లో కూరుకుపోయి, 2007 నాటికి అన్నీ అమ్ముకుని అంతర్ధానమైంది. కొండలు కొన్నంతమాత్రాన ఆకాశం లొంగదన్నమాట.

లొంగదీసే ఉపాయం 2008లో బయటపడింది. వెయిల్ కంపెనీ 'ఎపిక్ పాస్' పేరుతో 579 డాలర్లకు ఒక పాస్ పెట్టింది. మంచు పడకముందే సొమ్ము కట్టాలి. కడితే ఆ చలికాలమంతా కంపెనీ కొండల మీద ఎన్ని రోజులైనా జారవచ్చు. 2018లో ఆల్టెర్రా అనే మరో పెద్ద కంపెనీ 'ఐకాన్ పాస్'తో పోటీకి దిగింది.

మా వైపు మామిడి తోటను పూత మీదనే గుత్తకిచ్చే వాడుక ఉంది. కాయ నిలిచినా, గాలివానకు రాలినా ఆ మంచిచెడ్డలు గుత్తదారువి. రైతుకు ధర కొంత తగ్గుతుంది గాని రాత్రిళ్ళు నిద్ర పడుతుంది. పాస్ సరిగ్గా ఇదే బేరం. కంపెనీ రైతు స్థానంలో కూర్చుని, స్కీయరును గుత్తదారును చేసింది. మంచు పడకపోతే కట్టిన డబ్బు అతనిదే పోతుంది. తేడా ఒక్కటే. మా దగ్గర రైతులు వందమంది, వ్యాపారులు నలుగురు. కాబట్టి ధర వ్యాపారి చెబుతాడు. అక్కడ స్కీయర్లు లక్షలమంది, పెద్ద పాసులు రెండు. కాబట్టి ధర కంపెనీ చెబుతుంది. రెండుచోట్లా మాట నెగ్గేది తక్కువమంది ఉన్న పక్షానిదే!

ఇక ఒకచోట పొడిగా పోయినా మరోచోట కురుస్తుందని వెయిల్ కంపెనీ నలుదిక్కులా కొన్నది. 2016లో కెనడాలోని విస్లర్ బ్లాక్‌కూంబ్, 2017లో వెర్మాంట్‌లోని స్టో, 2019లో ఒక్క బేరంలోనే 17 చిన్న కొండలు, 2022లో స్విట్జర్లాండ్‌లోని ఆండర్‌మాట్‌లో అధిక వాటా. నేడు దాని చేతిలో 40కి పైగా ఉన్నాయి. చిన్న కొండ ఎందుకంటారా? పట్నం ప్రక్కనున్న చిన్న కొండ మీద నేర్చుకున్నవాడు అదే పాస్‌తో సెలవులకు పెద్ద కొండకు పోయి, అక్కడ కంపెనీ హోటల్లోనే దిగుతాడు!

లాభమెవరికి?

న్యాయంగా చెప్పాలంటే, తరచుగా వెళ్ళేవాడికి ఈ పాస్ చవకే. నాలుగైదు రోజుల్లో డబ్బు రాబడుతుంది. ముందుగా చేతికందిన సొమ్ముతో కంపెనీ చెడ్డ సంవత్సరంలోనూ లిఫ్టులు నడపగలదు, జీతాలివ్వగలదు. కాని పాస్ లేకుండా ఒక్కరోజు చూసివద్దామని వెళ్ళిన కుటుంబం సంగతేమిటి? పేరున్న కొండల మీద రద్దీ రోజుల్లో తలకు 300 డాలర్లు దాటింది. పాస్ చవకగా కనబడాలంటే టిక్కెట్టు ప్రియంగా ఉండాలి గదా!

అంతకన్నా పెద్ద సంగతి మరొకటుంది. గుమ్మం దగ్గర టిక్కెట్టు కొనేవాడు నచ్చకపోతే వెనక్కు తిరిగి పోగలడు. ముందే కట్టినవాడికి ఆ బెదిరింపు లేదు. 2021లో ఎపిక్ పాస్ ధరను 20 శాతం తగ్గించగా 21 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. ఆ చలికాలంలోనే, మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్న సియాటిల్‌కు దగ్గరలోని స్టీవెన్స్ పాస్ కొండ మీద పనివాళ్ళు చాలక కొండలో పెద్దభాగం తెరవలేదు. 40 వేలమందికి పైగా ఫిర్యాదు పత్రం మీద సంతకాలు చేశారు.

యూటాలోని పార్క్ సిటీ కథ కౌలుదార్లందరూ వినదగ్గది. పాత నిర్వాహకులు 2011లో కౌలు పొడిగింపు కాగితం గడువు దాటాక అందజేశారు. ఆ ఆలస్యంతో మొదలైన వ్యాజ్యం ముగిసేసరికి, 2014లో ఆ కొండ 18 కోట్ల 25 లక్షల డాలర్లకు వెయిల్ పరమైంది. 2024 డిసెంబరు 27న అక్కడి స్కీ పెట్రోల్ సిబ్బంది - మంచుచరియలను ముందే ప్రేల్చి దారి భద్రం చేసేవారు, గాయపడినవారిని మోసుకొచ్చేవారు - సమ్మెకు దిగారు. గంటకు 21 డాలర్ల మొదటి జీతాన్ని 23 చెయ్యమన్నారు. సెలవుల రద్దీలో కొండ చాలాభాగం మూతబడింది. జనవరి 8న కంపెనీ ఒప్పుకున్నది. జనం ముందే డబ్బు కట్టారు కాబట్టి కంపెనీ కొన్నాళ్ళు ఓర్చుకోగలిగింది. క్యూలో గంటలకొద్దీ నిలబడ్డవారే కష్టపడ్డారు.

వేరే దారులు

చవక పాస్ కనిపెట్టింది కార్పొరేటు కంపెనీ కానే కాదు. ఐడహోలోని బోగస్ బేసిన్ లాభాపేక్షలేని సంస్థ. 1998లోనే సీజన్ పాస్‌ను 199 డాలర్లకు దించి, ఊరి జనాన్నంతా కొండెక్కించింది. వెర్మాంట్‌లోని మ్యాడ్ రివర్ గ్లెన్ 1995 నుంచి స్కీయర్ల సహకార సంఘం. అక్కడ గుత్తదారూ రైతూ ఒక్కరే! 2019లో మొదలైన 'ఇండీ పాస్' చిన్న కొండలను కొనకుండానే కలిపింది. 2024లో కిల్లింగ్టన్ పెద్ద కంపెనీ చేతినుంచి స్థానిక మదుపుదార్ల చేతికి తిరిగివచ్చింది.

అయితే సంబరపడడానికి లేదు. న్యాయశాఖ విడదీసిన ఆ అరపహో బేసిన్, రద్దీ భరించలేక 2019లో ఎపిక్ పాస్ నుంచి బయటికి వచ్చింది. అదే కొండను 2024లో ఆల్టెర్రా కొనేసింది.

ఇందులో మనకున్న పాఠం ఏమిటంటే, ముందు సొమ్ము ఇచ్చినవాడికీ, పుచ్చుకున్నవాడికీ మధ్య ధర ఒక్కటే తేలితే చాలదు. తోట సరిగా చూడకపోతే అడిగే హక్కు ఎవరిది, పనివాడి కూలి ఎవరు తేలుస్తారు, చెడ్డ ఏడాది వస్తే ఎంత తిరిగివ్వాలి - ఇవి కూడా కాగితం మీద ఉండాలి. గుత్త తప్పుకాదు. అడిగే నోరు లేని గుత్తే గుత్తాధిపత్యం. అది మంచైనా, మామిడైనా!