ఇంటిలో ఫోటోలకు మొదటి దీపము

ఇంటి ఆడపడుచుకు చీర కట్టి, ఫోటో తీసి దూరపు బేరములకు పంపు ముల్చేర, సిరోంచ ప్రాంతపు నేత కుటుంబములకు మా మనవి. ఫోటోలో రంగు మారినచో చీర తిరిగి వచ్చును, నష్టము మనదే.

పగటిపూట దీపము కొననక్కరలేదు. ఎండ నేరుగా పడని కిటికీ ప్రక్కన మనిషిని కూర్చుండబెట్టి, రెండవ వైపున తెల్లపంచె కట్టిన చట్రము నిలుపుడు. ముఖముపై నీడ పలుచబడును.

రాత్రి పనికి ఒక ఎల్.ఇ.డి. దీపము చాలును. పెట్టెపై సి.ఆర్.ఐ. 95, 5,600 కెల్విన్ అని చూచి కొనుడు. మొదటి అంకె రంగు నిజముగా కనబడుటకు, రెండవది పగటి వెలుగుకు గుర్తు. 2,700 కెల్విన్ పసుపు బల్బు దీనితో కలిసినచో దసలి పట్టు సహజపు రంగు చెడును.

దీపమును కంటికంటె కొంచెము ఎత్తున, 45 డిగ్రీలు ప్రక్కగా నిలుపుడు. ముందు పలుచని తెల్లగుడ్డ వ్రేలాడదీసినచో నీడ మెత్తబడును. హాలొజన్ దీపమునకు మాత్రము గుడ్డ కట్టరాదు, అంటుకొనును.

అప్పుచేసి మూడు దీపములు కొనవద్దు. ఒకటి కొని, ఫోటోను చీరతో పగటి వెలుగులో సరిచూచి, పిదప పంపుడు.